అటూ ఇటూ ఎంత?



ఈసారి నా పరిధికి మించిన విషయమొకటి తలకెత్తుకున్నాను. జీవితమంతా సంధులూ సమాసాలూ, యతులూ ప్రాసలూ చెప్పుకుని బ్రతికిన తెలుగు పండితుడికి ఎలక్ట్రాను అయస్కాంత ధర్మంతో ఏమి పని అని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. దానికి సమాధానం చెప్పాలంటే ముందు నా తప్పొకటి ఒప్పుకోవాలి.

ముప్పై ఏళ్ళు దాటిన మాట. నెల్లూరు తీరంలోని ఒక ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. సైన్సు మాస్టారు సెలవు పెట్టిన రోజున ఎనిమిదో తరగతి పిల్లలను చూడమని నన్ను పంపించారు. పుస్తకం తెరిస్తే కొలతల పాఠం వచ్చింది. ఊరికే కూర్చోవడమెందుకని, మొదటి బల్లమీది పిల్లవాణ్ణి లేపి, “మీ నాన్న వల వేసేచోట సముద్రం ఎంత లోతురా?” అని అడిగాను. వాడు తడుముకోకుండా “ఏడు బారలు సార్, ఒక బార అటూ ఇటూ” అన్నాడు. “ఏడా, ఆరా, ఎనిమిదా? ఏదో ఒకటి సరిగ్గా చెప్పు” అన్నాను. వాడు కొంచెంసేపు ఆలోచించి, “అట్టా చెప్తే అబద్ధం అవద్ది సార్” అన్నాడు. తరగతి గొల్లుమంది. నాకు కోపం వచ్చింది. గంట కొట్టేవరకూ వాణ్ణి బెంచీమీద నిలబెట్టాను. సరైన జవాబు ఒక్కటే ఉంటుందనీ, ‘అటూ ఇటూ’ అన్నది చదువురాని వాళ్ళ మాట అనీ ఆ రోజు పిల్లలందరికీ ఉపదేశం కూడా చేశాను.

ఇటీవల, పదవీ విరమణ చేసిన తీరికలో, జర్మనీలోని హైడెల్‌బర్గ్ నగరంలో జరిగిన ఒక ప్రయోగం గురించి చదివాను. అక్కడి మాక్స్ ప్లాంక్ అణుభౌతిక సంస్థలో ‘ఆల్ఫాట్రాప్’ అనే పరికరం ఉన్నది. అందులో ఒకే ఒక తగరపు పరమాణువును బంధించి, దానిలో మిగిలిన ఒకే ఒక ఎలక్ట్రాను ఎంతటి అయస్కాంతమో కొలిచారు. ఫలితాన్ని 2023లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. ఆ ఫలితాన్ని వారు రాసిన తీరు చూసి ఆ పిల్లవాడు నాకు జ్ఞాపకం వచ్చాడు. ఎందుకో చెప్పడానికి ముందు, ఆ కొలత ఏమిటో నాకు అర్థమైనంత మేరకు చెబుతాను.

ఎలక్ట్రాను ఒక అతిచిన్న అయస్కాంతం. తన చుట్టూ తాను తిరిగే బొంగరంలాంటి గుణం దానికి ఉన్నదని 1925లో ఊలెన్‌బెక్, గౌడ్‌స్మిట్ అనే ఇద్దరు యువకులు ప్రతిపాదించారు. దానినే స్పిన్ అంటారు. నిజంగా అది బొంగరం కాదు, ఉపమానం మాత్రమే. ఆ స్పిన్‌కు, అయస్కాంత బలానికి ఉన్న నిష్పత్తిని తెలిపే సంఖ్యను జి-గుణకం అని పిలుస్తారు. 1928లో డిరాక్ సమీకరణం ఆ సంఖ్య సరిగ్గా 2 అని చెప్పింది. ఎంత ముచ్చటైన జవాబు! నాలాంటి మాస్టారికి నూటికి నూరు మార్కులు వేయాలనిపించే జవాబు.

కానీ ప్రకృతి ఆ 2 దగ్గర ఆగలేదు. 1947లో కుష్, ఫోలీ అనే శాస్త్రజ్ఞులు కొలిచి, విలువ 2 కన్నా కొద్దిగా, వెయ్యింట ఒక వంతుకు కొంచెం పైగా, ఎక్కువ ఉన్నదని చూపించారు. మరుసటి సంవత్సరం ష్వింగర్ ఆ హెచ్చు ఎందుకు వచ్చిందో లెక్కగట్టాడు. ఎలక్ట్రాను ఎన్నడూ ఒంటరిగా ఉండదు. తన కాంతి కణాలను తానే విడుస్తూ, తానే తిరిగి గ్రహిస్తూ ఉంటుంది. ఆ రాకపోకల ప్రభావమే ఆ హెచ్చు. ష్వింగర్ సమాధి ఫలకంమీద ఆ చిన్న సూత్రమే చెక్కి ఉన్నది. దీనినుండి పెరిగిన శాస్త్రాన్ని క్వాంటం ఎలక్ట్రోడైనమిక్స్ అంటారు. 2023లోనే గాబ్రియెల్స్ బృందం అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో స్వేచ్ఛగా ఉన్న ఎలక్ట్రానును కొలిచి, జి-గుణకంలో సగం విలువ 1.00115965218059 అని తేల్చింది. దాని పక్కన కుండలీకరణాలలో 13 అని రాసింది. చివరి రెండంకెలలో 13 అటూ ఇటూ ఉండవచ్చునని దాని భావం.

మరి తగరం ఎందుకు? స్వేచ్ఛగా ఉన్న ఎలక్ట్రానుమీద సిద్ధాంతం నెగ్గింది, బాగున్నది. కానీ ఒక శాస్త్రం నిజమా కాదా తెలియాలంటే దానిని కష్టంలో పెట్టి చూడాలి. బరువైన కేంద్రకానికి అతి దగ్గరగా తిరిగే ఎలక్ట్రాను అటువంటి కష్టంలో ఉంటుంది. తగరపు పరమాణువులో 50 ఎలక్ట్రాన్లు ఉంటాయి. అందులో 49ని ఊడబెరికితే మిగిలిన ఆ ఒక్కటీ కేంద్రకపు విద్యుత్ క్షేత్రానికి నేరుగా చిక్కుతుంది. ఆ క్షేత్రం సెంటీమీటరుకు ఒకటి పక్కన పదిహేను సున్నాలు పెట్టినన్ని వోల్టులకు పైమాటే. ఏ ప్రయోగశాలలోనూ మనం తీగలతో, యంత్రాలతో సృష్టించగలిగినది కాదది. పూర్వం మన వీధులలో ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవారు వాడింది ఈ తగరాన్నే. పులుసు చిలుమెక్కకుండా కాపాడిన ఆ లోహపు పరమాణువులో ఇంతటి ఉగ్రత దాగి ఉన్నదని మనమెవరమూ అనుకోలేదు.

అలా ఎలక్ట్రాన్లు ఊడిపోయి ధనావేశం మిగిలిన పరమాణువును అయాను అంటారు. దానిని పట్టుకునే బోనుకు పెన్నింగ్ ట్రాప్ అని పేరు. దీనికి ఇనుప చువ్వలు ఉండవు. బలమైన అయస్కాంత క్షేత్రం అయానును పక్కలకు పోనీయక గుండ్రంగా తిప్పుతుంది. విద్యుత్ క్షేత్రం దానిని పైకీ కిందికీ జారిపోకుండా ఆపుతుంది. హైడెల్‌బర్గ్ పరికరంలోని అయస్కాంత క్షేత్రం దాదాపు 4 టెస్లాలు. అంటే మన నెల్లూరు దగ్గర దిక్సూచిని తిప్పే భూ అయస్కాంత క్షేత్రానికి సుమారు లక్ష రెట్లు. బోనునంతటినీ ద్రవ హీలియంతో సున్నాకు దిగువ 269 డిగ్రీల సెల్సియస్ వరకూ చల్లబరుస్తారు. అందులో ఒకే అయానును నెలల తరబడి నిలిపి ఉంచగలరు.

ఇక కొలత. అయాను ఆ క్షేత్రంలో సెకనుకు సుమారు రెండున్నర కోట్ల సార్లు గుండ్రంగా తిరుగుతుంది. దానిలోని ఎలక్ట్రాను స్పిన్ మాత్రం సెకనుకు పదివేల కోట్లకు పైగా సార్లు ఊగుతుంది. ఈ రెండింటి నిష్పత్తి తెలిస్తే, అయాను, ఎలక్ట్రానుల ద్రవ్యరాశులను జతచేసి జి-గుణకాన్ని రాబట్టవచ్చు. తిరుగుడును నేరుగా వినవచ్చు. లోహపు పలకలలో అది రేపే సూక్ష్మమైన విద్యుత్ ప్రవాహమే దాని శబ్దం. స్పిన్ ఊగుడు అలా వినపడదు. అందుకని మైక్రోతరంగాలను పంపి, ఏ పౌనఃపున్యం దగ్గర స్పిన్ తలకిందులవుతుందో వెతుకుతారు. తలకిందులైనదీ లేనిదీ తెలుసుకోవడానికి అయానును పక్కనున్న మరొక బోనులోకి జరుపుతారు. అక్కడ అయస్కాంత క్షేత్రాన్ని కావాలని కొంచెం వంకరగా ఉంచుతారు. స్పిన్ దిశను బట్టి అయాను పైకీ కిందికీ ఊగే వేగం అతిస్వల్పంగా మారుతుంది. ఆ మార్పును పట్టుకుంటారు. తరువాత అయానును మొదటి బోనులోకి తెచ్చి మళ్ళీ మొదలు. ఇలా వందలసార్లు. పద్యం వల్లెవేయించిన వాణ్ణి కనుక ఆ ఓర్పు విలువ నాకు కొంత తెలుసు.

ఈ విద్యలో వారు తొలివారు కారు. జర్మనీలోని మైంజ్ నగరంలో 2000 సంవత్సరంలోనే ఐదు ఎలక్ట్రాన్లు తీసివేసిన కర్బనంమీద, 2011లో పదమూడు తీసివేసిన సిలికాన్‌మీద ఇటువంటి కొలతలు జరిగాయి. కర్బనం విషయంలో సిద్ధాంతపు లెక్క ఎంతో నమ్మకమైనది కనుక, దానిని తిరగవేసి 2014లో ఎలక్ట్రాను ద్రవ్యరాశిని అంతకు ముందుకన్నా 13 రెట్లు కచ్చితంగా తేల్చారు. తులాన్ని తూచే త్రాసుతోనే రాళ్ళను కూడా సరిచూసినట్లు.

ఇప్పుడు అసలు సంగతి. తగరపు అయానుకు వారు ప్రకటించిన విలువ 1.910562058962. దాని వెంట మూడు కుండలీకరణాలు ఉన్నాయి: మొదటిదానిలో 73, రెండవదానిలో 42, మూడవదానిలో 910. మూడూ చివరి అంకెలకు చెందిన ‘అటూ ఇటూ’లే. మొదటిది ఎన్నిసార్లు కొలిచినా మిగిలిపోయే చెదురుబాటు. రెండవది తమ పరికరంలో ఉండగల లోపం. మూడవది తమది కాదు. అయాను ద్రవ్యరాశి వంటి ఇతర కొలతల నుండి అరువు తెచ్చుకున్న సందేహం. ‘మేము ఇంతవరకు తప్పుకావచ్చు, అందులో మా పొరపాటు ఇంత, ఇతరుల నుంచి వచ్చినది ఇంత’ అని పద్దు విడదీసి చూపించారన్నమాట.

సిద్ధాంతం వైపు వారు అదే వ్యాసంలో ఇచ్చిన విలువ 1.910561821. దాని పక్కన 299. అంటే రెండింటికీ తేడా చివరి అంకెలలో 238. సిద్ధాంతులు ఒప్పుకున్న సందేహం 299. తేడా ఆ సందేహంలోనే ఇమిడిపోయింది కనుక ప్రయోగమూ సిద్ధాంతమూ ఏకీభవించినట్లే. కొలిచినవారి కచ్చితత్వం లెక్కగట్టినవారి కచ్చితత్వం కన్నా మూడు వందల రెట్లు ఎక్కువ. లెక్కలో ఇంకా పూర్తిగా గణించని పదాలు ఉన్నాయని సిద్ధాంతులే చెప్పి, ఆ సందేహాన్ని అంకెగా రాశారు. ‘మేము గెలిచాము’ అని ఎవరూ అనలేదు.

ఆ కుండలీకరణాలు చదివినప్పుడు నాకు వినబడింది ఒక్కటే: “ఏడు బారలు సార్, ఒక బార అటూ ఇటూ.”

ఇదంతా ఎక్కడో పరదేశంలో జరిగే విడ్డూరం అనుకోకూడదు. పశ్చిమ గోదావరి జిల్లా గొరగనమూడిలో 1896లో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజుగా పుట్టి, సన్న్యసించి స్వామి జ్ఞానానందగా మారిన ఒక తెలుగువాడు, ప్రాగ్‌లో ఎక్స్ కిరణాలమీద, లివర్‌పూల్‌లో చాడ్విక్ దగ్గర బీటా కిరణాలమీద పరిశోధన చేశాడు. బీటా కిరణాలంటే కేంద్రకం నుండి వెలువడే ఎలక్ట్రాన్లే. అయస్కాంత క్షేత్రంలో అవి ఎంత వంగుతాయో చూసి వాటి శక్తిని కొలవడం ఆ విద్యలో ప్రధానమైన పద్ధతి. 1947లో ఆయన ఇంగ్లీషులో ‘హై వాక్యువా’ అనే గ్రంథం ప్రచురించాడు. పాత్రలో నుంచి గాలిని తోడివేసి దాదాపు శూన్యాన్ని ఎలా సాధించాలి, ఆ శూన్యాన్ని ఎలా కొలవాలి అన్నదే ఆ పుస్తకం విషయం. తరువాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో కేంద్రక భౌతికశాస్త్ర విభాగానికి పునాది వేసి, 1969లో కాలధర్మం చెందాడు. అక్కడి పరిశోధనశాలకు ఆయన పేరే పెట్టారు. హైడెల్‌బర్గ్ బోనులో దారితప్పిన ఒక్క పరమాణువు తగిలినా ఆ అయాను ఎలక్ట్రానునొకదానిని లాక్కుని చెడిపోతుంది. శూన్యం లేనిదే ఆ కొలత లేదు. పూర్తి శూన్యం ఎవరికీ దొరకదు. ఎంత మిగిలి ఉన్నదో కొలిచి చెప్పగలగడమే విద్య. ఆ విద్యమీద ఒక తెలుగు సన్న్యాసి గ్రంథం రాశాడని మన పిల్లలలో ఎందరికి తెలుసు?

ఇక నా సొంత శాస్త్రానికి వస్తాను. వ్యాకరణం చెప్పినవాణ్ణి కనుక ‘ఒక్కటే సరైన జవాబు’ అనే అహం నాకు వచ్చిందని చాలాకాలం సరిపెట్టుకున్నాను. అది కూడా అబద్ధమే. చిన్నయసూరి బాలవ్యాకరణం నేను ఎన్నిసార్లు పాఠం చెప్పానో లెక్కలేదు. అందులో ఉత్వసంధి నిత్యం, తప్పక జరుగుతుంది. ఇత్వసంధి కొన్నిచోట్ల వైకల్పికం, జరగవచ్చు, జరగకపోవచ్చు. అత్వసంధి బహుళం, ఒకచోట జరుగుతుంది, ఒకచోట జరగదు, ఒకచోట విడ్డూరంగా మరొకటి అవుతుంది. సూరి తనకు తెలియక అలా రాయలేదు. భాషను దగ్గరగా చూసి, ఎక్కడ నియమం గట్టిదో, ఎక్కడ వదులో, ఆ వదులు ఎంతో కూడా సూత్రంలోనే కట్టిపెట్టాడు. నిత్యం, వైకల్పికం, బహుళం అనే ఈ మూడు మాటలూ వ్యాకరణపు కుండలీకరణాలు. ‘బహుళం’ అన్న చోట ‘నిత్యం’ అని రాసిన పిల్లవాడికి నేను మార్కులు తగ్గించేవాణ్ణి. అదే నేను, ‘ఒక బార అటూ ఇటూ’ అన్న పిల్లవాణ్ణి బెంచీ ఎక్కించాను!

ఇంతకూ ఆ పదవ దశాంశ స్థానం వల్ల మనకు ఒరిగేదేమిటి అని మిత్రులొకరు అడిగారు. దానివల్ల రేపు బియ్యం ధర తగ్గుతుందని నేను చెప్పలేను. చెబితే అది కుండలీకరణం లేని మాట అవుతుంది. కానీ ‘నేను ఎంతవరకు తప్పుకావచ్చు’ అని ముందే చెప్పే అలవాటు ఆ ప్రయోగశాలల్లోనే ఉండిపోతే నష్టపోయేది మనమే. రెండు ఉదాహరణలు చెబుతాను.

మ్యుయాన్ అనే, ఎలక్ట్రానుకు అన్నలాంటి, బరువైన కణం ఉన్నది. 2021 ఏప్రిల్‌లో అమెరికాలోని ఫెర్మీల్యాబ్ దాని అయస్కాంత బలాన్ని కొలిచి, అది సిద్ధాంతపు లెక్కతో పొసగడం లేదని, తన సందేహపు హద్దులతో సహా ప్రకటించింది. కొత్త బలం దొరికిందన్నట్లుగా ప్రపంచమంతటా పతాకశీర్షికలు వచ్చాయి. 2025లో సిద్ధాంతులు లెక్కను కొత్త పద్ధతిలో సవరించి, సందేహపు హద్దును ఉన్నదున్నట్లు వెడల్పు చేసి చూస్తే, ఆ పేచీ కనబడకుండా పోయింది. అదే ఏడు ఫెర్మీల్యాబ్ తుది కొలత కూడా వచ్చింది. పాత కొలతనే మరింత గట్టిపరిచింది. కొలిచినవారు తప్పలేదు. హద్దులను వదిలేసి అంకెను మాత్రమే ఎత్తుకున్న శీర్షికలే తప్పాయి.

రెండవది మన గడపలోనిది. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వచ్చినప్పుడు, అది నెల్లూరుకూ మచిలీపట్నానికీ మధ్య తీరం దాటుతుందని వాతావరణశాఖ చెప్పింది. మా వీధి అరుగుమీద నవ్వులాట. “ఎటు దాటినా సరిపోయేట్టు చెప్పారయ్యా, మాకూ వచ్చు ఇట్టాంటి జోస్యం” అన్నారు పెద్దలు. డిసెంబరు 5న అది బాపట్ల దగ్గర దాటింది, చెప్పిన హద్దులోపలే. ఆ హద్దు జోస్యం కాదు, బాధ్యత. ఫలానా ఊరి దగ్గరే దాటుతుందని ఒక్క పేరు చెప్పి ఉంటే మిగిలిన ఊళ్ళవాళ్ళు పడవలు ఒడ్డుకు లాగేవారు కారు. ఒక్క అంకె చెప్పేవాణ్ణి విద్వాంసుడనీ, హద్దు చెప్పేవాణ్ణి చేతకానివాడనీ అనుకునే మన అలవాటు తీరంలో ప్రాణాలమీదికి తెస్తుంది. ఆ అలవాటును పిల్లలకు నేర్పినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

అందువల్ల నా అభిప్రాయం ఇది. తెలుగు పాఠ్యపుస్తకాలలో ఒక కొలతను చెప్పిన ప్రతిచోటా దాని ‘అటూ ఇటూ’ కూడా చెప్పాలి. ఎలక్ట్రాను ద్రవ్యరాశిని ఆకాశం నుంచి ఊడిపడ్డ అంకెలా కాక, ఎవరు, ఎలా, ఎంతవరకు నమ్మకంగా కొలిచారో ఒక్క వాక్యమైనా రాయాలి. చిన్న తరగతులలోనే బల్ల పొడవును పదిమంది పిల్లలచేత కొలిపించి, పది జవాబులనూ బోర్డుమీద రాసి, ఎవరినీ బెంచీ ఎక్కించకుండా, ఆ తేడాను గురించి మాట్లాడాలి. దీనికి కొత్త మాటలు పుట్టించనక్కరలేదు. ‘అనిశ్చితి’ అనే సంస్కృతపదం పరీక్షలకు పనికివస్తుంది. అర్థం కావడానికి మాత్రం మన రేవులో పుట్టిన ‘అటూ ఇటూ’ చాలు.

ఇది సందేహవాదం కాదని మనవి. ‘అంతా అనుమానమే, ఏదీ తేలదు’ అనేవాడు కొలవడు. తాడుకు సీసపు గుండు కట్టి నీళ్ళలోకి వదిలి, అడుగు తగిలేవరకూ ఆగి, చేతులు చాపి బారలు లెక్కపెట్టినవాడికే ఆ చివరి బార దగ్గర అల ఎంత మోసం చేస్తుందో తెలుసు. చేసి చూసినవాడి వినయం అది. తగరపు అయాను దగ్గర కూర్చున్నవారి వినయమూ అదే జాతిది.

ఆ పిల్లవాడు పదవ తరగతికి ముందే బడి మానేశాడు. ఎందుకు మానేశాడో నేను అప్పుడు విచారించలేదు. నా బెంచీ శిక్షకు అందులో పాలు ఎంతో, అటూ ఇటూ కూడా, చెప్పలేను. ఇప్పుడు వాడికి నలభై అయిదేళ్ళు ఉంటాయి. ఎక్కడైనా కనబడితే, ఆనాటి జవాబుకు మార్కులు వేయాలని ఉన్నది.

మీ మీ బడుల అనుభవాలు కూడా తెలుపగలరు.

స్వస్తి.